రెండు డిస్కులూ ఒకేసారి ఎలా పోతాయి?

కావలి నుంచి ఒక పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. క్లుప్తంగా సంగతి ఇది.

వాళ్ల నాన్నగారు రీలు కెమెరాల రోజుల్లో పెట్టిన స్టూడియోను ఇప్పుడు ఈయన నడుపుతున్నారు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు కలిపి 9 టీబీ దాకా ఫొటోలు, వీడియోలు పోగయ్యాయి. అవన్నీ పది పన్నెండు ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఉన్నాయి. ఏ పెళ్లి ఏ డిస్కులో ఉందో వెతకడానికే సగం రోజు పోతోందట. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బావ ఫోన్లో చెబుతుంటే, మూలన పడి ఉన్న పాత కంప్యూటర్‌తో ఇంట్లోనే స్టోరేజ్ సర్వర్ తయారు చేసుకున్నారు. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, ఒక చిన్న ఎస్ఎస్‌డీలో ట్రూనాస్ అనే స్టోరేజ్ సర్వర్ సాఫ్ట్‌వేర్, నాలుగు కొత్త 4 టీబీ డిస్కులు. బోర్డు మీద డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగే. ఒకటి ఎస్ఎస్‌డీకి, ఒకటి పాత డీవీడీ రైటర్‌కు, రెండు డిస్కులకు పోయాయి. మిగిలిన రెండు డిస్కుల కోసం ఆన్‌లైన్‌లో ఎనిమిది పోర్టుల చిన్న కార్డు తెప్పించారు. పవర్ ప్లగ్గులు కూడా చాలక, ఆ రెండింటికీ ఒకే ప్లగ్గు నుంచి స్ప్లిటర్ వేశారు. నాలుగు డిస్కులనూ, ఒకటి పోయినా డేటా నిలిచేలా, రెయిడ్-జడ్1 అనే పద్ధతిలో ఒకే నిల్వగా (దీన్నే పూల్ అంటారు) కలిపారు.

కాపీ చేస్తుంటే కొన్ని గంటలకు రెండు డిస్కులు ఒకేసారి కనిపించకుండా పోతున్నాయి. స్క్రబ్ (డిస్కుల్లోని డేటా అంతా చదివి సరిచూసే పని) పెడితే పది నిమిషాల్లోనే పోతున్నాయి. రీస్టార్ట్ చేస్తే తిరిగి వస్తున్నాయి. ఈయన ఒకే రోజు ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) మార్చారు, ర్యామ్ మార్చారు, బయోస్‌లో ఏవో సెట్టింగులు మార్చారు, ఫలితం లేదు. ఒక టెక్నీషియన్ వచ్చి చూసి "రెండు డిస్కులూ పోయాయి, కొత్తవి కొనండి" అని చెప్పి వెళ్లాడు. ఇది చాలదన్నట్టు, బ్యాకప్ కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్న పాత 8 టీబీ సర్వర్ డిస్కు క్యాబినెట్‌లో పెడితే అసలు తిరగడం లేదు, యూఎస్‌బీ డాక్‌లో పెడితే చక్కగా తిరుగుతోంది. నెట్‌వర్క్ మీద కాపీ వేగం సెకనుకు 11 ఎంబీ దాటడం లేదు.

ఉత్తరం చివరి పేజీలో అసలు బాధ ఉంది. సర్వర్ బాగానే ఉందనుకున్న మొదటి వారంలో ఆయన రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులను ఫార్మాట్ చేసి కొత్త పనులకు వాడేశారు. 2016 నుంచి 2019 దాకా పెళ్లిళ్లు, సుమారు 3 టీబీ, ఇప్పుడు ఈ సర్వర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. నాన్నగారికి ఈ విషయం తెలియదు. "ముప్పై ఏళ్ల నెగెటివ్‌లు రేకు డబ్బాల్లో దాచాను అబ్బయ్యా, ఒక్కటీ పోలేదు" అని ఆయన మామూలుగా అన్న మాట కూడా ఈయనకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వడం లేదట. కొత్త డిస్కులు కొనాలా, ఇదంతా పక్కన పెట్టి రెడీమేడ్ స్టోరేజ్ బాక్సు కొనాలా, నాన్నకు ఏమని చెప్పాలి అని అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదట మీరు తెలుసుకోవలసింది ఒకటుంది. మీరు రాసిన లక్షణాలను బట్టి మీ ఫొటోలు పోలేదు, డిస్కులు కూడా పోయినట్టు లేవు. అలా అని నిశ్చింతగా ఉండే పరిస్థితి కూడా కాదు. ఆ 3 టీబీకి ఇంకో కాపీ తయారయ్యేదాకా సర్వర్‌లోకి కొత్తగా ఏదీ కాపీ చేయకండి, స్క్రబ్ పెట్టకండి. తెర మీద పూల్ కనిపించకపోయినా "క్రియేట్" అని గానీ "వైప్" అని గానీ ఉన్న బటన్ నొక్కకండి. ఇలాంటి కేసుల్లో డేటా పోయేది ఎక్కువగా పాడైన డిస్కు వల్ల కాదు, కంగారులో నొక్కిన ఆ బటన్ వల్ల.

డిస్కులు పోలేదని నేను ఎందుకంటున్నానో చెబుతాను. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క స్మార్ట్ రిపోర్టు. మీరు పంపిన ఆ రిపోర్టులో మూడు వరుసలు చూడండి. 5వ నంబరు, డిస్కు తనంతట తాను పక్కన పెట్టేసిన చెడ్డ సెక్టార్ల లెక్క. 197వ నంబరు, చదవలేక అనుమానంలో ఉంచిన సెక్టార్ల లెక్క. మీ నాలుగు డిస్కుల్లోనూ ఈ రెండూ సున్నా. పెరుగుతున్నది 199 ఒక్కటే, అదీ కార్డుకు తగిలించిన రెండు డిస్కుల్లోనే. అది డిస్కు పళ్లెం మీద వచ్చిన దెబ్బ కాదు. డిస్కుకూ కంట్రోలర్‌కూ మధ్య దారిలో డేటా చెడి, మళ్లీ పంపమని అడిగిన ప్రతిసారీ పెరిగే అంకె అది. కేబుల్, కనెక్టర్, కార్డు, కరెంటు సరఫరా, వీటిలో ఏదో ఒకటి బాగాలేదని దాని అర్థం. మీ టెక్నీషియన్ ఎరుపు రంగు హెచ్చరిక చూసి డిస్కు పోయిందన్నాడు గానీ, ఏ వరుసలో ఎరుపు ఉందో చూసినట్టు లేదు.

రెండో ఆధారం మీరే రాశారు, దాని మీద మీ దృష్టి పడలేదు. రెండు కొత్త డిస్కులు ఒకే క్షణంలో చచ్చిపోయి, రీస్టార్ట్ చేయగానే ఒకే క్షణంలో బతకడం జరిగే పని కాదు. రెండు కలిసి పడిపోతున్నాయంటే ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. మీ పెట్టెలో అలాంటివి రెండే ఉన్నాయి: ఆ కార్డు, ఆ పవర్ స్ప్లిటర్.

కార్డు సంగతి ముందు చూద్దాం. తక్కువ ధరలో ఎనిమిది పోర్టులు ఇచ్చే చిన్న కార్డుల్లో ఎక్కువవాటికి నిజంగా ఎనిమిది దారులు ఉండవు. లోపల రెండో మూడో అసలు దారులుంటాయి, వాటికి పోర్టు మల్టిప్లయర్ అనే చిప్పు పెట్టి కొమ్మలు వేస్తారు. ఒక కొమ్మ మీద ఉన్న డిస్కు జవాబివ్వడం ఆలస్యమైతే కంట్రోలర్ ఆ దారి మొత్తాన్ని రీసెట్ చేస్తుంది. తప్పు ఒకదానిదైనా పక్క డిస్కు కూడా దానితో పాటే మాయమవుతుంది. పైగా మీ కార్డు కూర్చున్నది చిన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటులో. హెచ్81లో ఆ స్లాటు రెండో తరానిది, దాని నుంచి సెకనుకు 500 ఎంబీకి మించి రాదు. రెండు డిస్కులకు అది చాలు, కాబట్టి వేగాన్ని నేను అనుమానించడం లేదు.

స్ప్లిటర్ విషయం ఇంతకన్నా ప్రమాదం. 3.5 అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల తీగ మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. సాటా పవర్ ప్లగ్గులో 12 వోల్టులకు మూడు పిన్నులు, ఒక్కోదానికి 1.5 చొప్పున మొత్తం 4.5 ఆంపియర్లే పరిమితి. రెండు డిస్కులు అంటే అంచు దాకా వచ్చినట్టే. ప్లగ్గు కాస్త వదులైతే వోల్టేజీ పడిపోయి రెండూ ఒకేసారి ఆగిపోతాయి. మీ స్ప్లిటర్ తల ఒకే ముద్దగా పోతపోసిన ప్లాస్టిక్ అయితే ఈ రోజే తీసేయండి. ఆ రకంలో లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలున్నాయి. తీగలు విడివిడిగా నొక్కి బిగించినట్టు బయటికి కనిపించే రకం మేలు.

సరే, కార్డా, స్ప్లిటరా? ఇక్కడే మీరు ఒక పొరపాటు చేశారు. ఒకే రోజు ఎస్ఎంపీఎస్, ర్యామ్, బయోస్ మూడూ మార్చారు. ఒకవేళ సమస్య తగ్గి ఉన్నా దేనివల్ల తగ్గిందో మీకు తెలిసేది కాదు. టెన్షన్‌లో ఉన్నప్పుడు చేతికి దొరికిందల్లా మార్చేస్తాం, నాకూ తెలుసు. కానీ దోషం వెతికేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఏం మార్చామో, తర్వాత 199 అంకె ఎంత ఉందో ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. అయితే మీ విషయంలో దోషం వెతకడం రెండో పని. ముందు ఆ 3 టీబీని కాపాడుకోవాలి.

దానికి మీరు రూపాయి ఖర్చు పెట్టక్కర్లేదు. ఆ డీవీడీ రైటర్ తీసేయండి.

ఆల్బమ్‌తో పాటు డీవీడీ ఇచ్చే రోజుల్లో అది అవసరం. ఇప్పుడు సర్వర్‌లో దానికి పనే లేదు, అయినా బోర్డు మీద ఒక మంచి సాటా పోర్టునూ, ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా వచ్చే ఒక పవర్ ప్లగ్గునూ పట్టుకుని కూర్చుంది. సర్వర్‌ను మామూలుగా షట్‌డౌన్ చేసి, ప్లగ్గు గోడ నుంచి తీసి, కార్డు మీద ఉన్న రెండు డిస్కుల్లో ఒకదాన్ని ఆ పోర్టుకు, ఆ పవర్ ప్లగ్గుకు మార్చండి. డేటా కేబుల్ కూడా కార్డుతో వచ్చింది కాకుండా డీవీడీ రైటర్‌దే వాడండి. స్ప్లిటర్ చివర ఇక ఒకే డిస్కు ఉంటుంది.

పోర్టు మారిస్తే పూల్ చెదిరిపోతుందేమో అని మీరు భయపడుతూ రాశారు. చెదరదు. ట్రూనాస్ వాడే జెడ్ఎఫ్ఎస్ డిస్కును పోర్టు నంబరుతో గుర్తుపట్టదు, ప్రతి డిస్కు మీదా రాసి ఉన్న తన గుర్తుతో పోల్చుకుంటుంది. నాలుగింటినీ కలగాపులగంగా తగిలించినా అది వరుస పెట్టుకుంటుంది.

ఈ ఒక్క మార్పుతో పరిస్థితి ఎంత మారుతుందో చూడండి. రెయిడ్-జడ్1 ఒక డిస్కు పోతే తట్టుకుంటుంది, రెండు పోతే ఆగిపోతుంది. ఇప్పటిదాకా కార్డు తప్పటడుగు వేసిన ప్రతిసారీ రెండు పోయేవి. ఇకపై కార్డు మొత్తం ఆగిపోయినా పోయేది ఒక్కటే, పూల్ నడుస్తూనే ఉంటుంది. మీ బోర్డులో రెండు పోర్టులు 6 గిగాబిట్‌వి, రెండు 3 గిగాబిట్‌వి. నెమ్మది పోర్టులో పెడితే ఏమవుతుందో అనుకోవద్దు. అది కూడా సెకనుకు దాదాపు 300 ఎంబీ మోస్తుంది, మీ డిస్కు అంత ఎన్నడూ ఇవ్వదు.

ఇప్పుడు ఆ 3 టీబీని బయటికి తీయండి. ఎక్కడికి అంటే, తిరగడం లేదని మీరు తిట్టుకుంటున్న ఆ 8 టీబీ డిస్కులోకే. దానికి జబ్బేమీ లేదు, అమ్మినవాడు మోసం చేయలేదు. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణంలో పవర్ ప్లగ్గు మూడో పిన్నుకు కొత్త పని ఇచ్చారు: ఆ పిన్ను మీద వోల్టేజీ వస్తే డిస్కు ఆగిపోవాలి. పెద్ద డేటా సెంటర్లలో దూరం నుంచే డిస్కును ఆపి మళ్లీ లేపడానికి అది ఉపయోగం. మామూలు ఎస్ఎంపీఎస్ మాత్రం అదే పిన్ను మీద 3.3 వోల్టులు ఎప్పుడూ ఇస్తూనే ఉంటుంది. డిస్కు దాన్ని "ఆగు" అనే ఆజ్ఞగా తీసుకుని కదలదు. మీ యూఎస్‌బీ డాక్ ఆ 3.3 వోల్టులు ఇవ్వదు, అందుకే అందులో తిరుగుతోంది. క్యాబినెట్‌లోనే పెట్టాలంటే ఆ పిన్ను మీద కరెంటు పారనివ్వని సన్నని కాప్టాన్ టేపు అంటించవచ్చు, లేదా నాలుగు పిన్నుల పెద్ద తెల్ల ప్లగ్గు నుంచి సాటాకు మార్చే తీగ వాడవచ్చు, అందులో 3.3 వోల్టులు ఉండవు. నా సలహా అయితే డాక్‌లోనే ఉంచి, దాన్ని ఎడిటింగ్ కంప్యూటర్‌కు తగిలించి నెట్‌వర్క్ మీదుగా కాపీ చేయండి. బ్యాకప్ డిస్కు సర్వర్‌తో ఒకే పెట్టెలో, ఒకే ఎస్ఎంపీఎస్ మీద ఉంటే దాన్ని బ్యాకప్ అనలేం. పాత డిస్కు కాబట్టి ముందు దాని 5, 197 నంబర్లు చూసుకుని కాపీ మొదలుపెట్టండి.

కాపీకి ముందు ఆ 11 ఎంబీ సంగతి. సెకనుకు సరిగ్గా 11, 12 దగ్గర ఆగిపోతోందంటే లింకు 100 మెగాబిట్ దగ్గరే కుదిరిందని అర్థం. ఫైబర్ వాళ్లిచ్చిన బాక్సులో లాన్ పోర్టు 100 మెగాబిట్‌ది అయి ఉండాలి, లేదా కేబుల్లో ఎనిమిది తీగలకు నాలుగే కలిసి ఉండాలి. 3 టీబీ ఈ వేగంతో మూడు రోజులకు పైగా పడుతుంది, 9 టీబీ అయితే తొమ్మిదిన్నర రోజులు. ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి తెచ్చి, సర్వర్‌నూ మీ ఎడిటింగ్ కంప్యూటర్‌నూ మంచి క్యాట్5ఈ కేబుళ్లతో దానికి కలపండి. సెకనుకు 110 దాకా వస్తుంది, 3 టీబీ ఎనిమిది గంటల్లో అయిపోతుంది. స్విచ్ దొరికేదాకా ఆగడానికి మనసొప్పకపోతే 11తోనే మొదలుపెట్టండి, తప్పు లేదు. ముందు ఒక్క కాపీ, ఏ ఫోల్డర్‌కు మరో కాపీ లేదో అది.

ఆ కాపీ పూర్తయ్యి, పది పదిహేను ఫోల్డర్లు తెరిచి ఫొటోలు కనిపిస్తున్నాయని చూసుకున్నాక, అప్పుడు స్క్రబ్ పెట్టండి. అదే మీ పరీక్ష. స్క్రబ్ నాలుగు డిస్కులనూ పూర్తి వేగంతో చదివిస్తుంది, అందుకే ఇదివరకు పది నిమిషాల్లో పడిపోయేది. ఇప్పుడు కార్డు మీద మిగిలిన డిస్కు మళ్లీ పడి దాని 199 పెరిగి, బోర్డుకు మార్చినదాని అంకె కదలకపోతే, డిస్కులు నిర్దోషులని తేలిపోయినట్టే. 199 తగ్గే అంకె కాదు, పాత లెక్క అలాగే ఉంటుంది, పెరగకుండా ఉందా అనేదే చూడాలి. ఆ తర్వాత దోషం ఎక్కడుందో ఒక్కొక్కటిగా పట్టుకోండి: మొదట ఆ డిస్కు డేటా కేబుల్ మార్చి ఒక స్క్రబ్, తర్వాత పవర్ ప్లగ్గు మార్చి ఒక స్క్రబ్. రెండింటికీ ఆగకపోతే కార్డే.

కార్డు అని తేలితే మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, కార్డే లేకుండా చేసుకోవడం. ట్రూనాస్ ఉన్న ఎస్ఎస్‌డీని ఒక యూఎస్‌బీ 3.0 కేసులో పెట్టి వెనక పోర్టుకు తగిలిస్తే బోర్డు మీద నాలుగు పోర్టులూ నాలుగు డిస్కులకు మిగులుతాయి. ముందుగా సెట్టింగుల ఫైలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, బయోస్‌లో బూట్ వరుస మార్చండి. కొన్ని పాత బోర్డులు యూఎస్‌బీ నుంచి బూట్ అవడానికి మొండికేస్తాయి. మీది అలా చేస్తే ఎస్ఎస్‌డీని తిరిగి లోపల పెట్టేయండి, నష్టమేమీ లేదు. రెండోది, మల్టిప్లయర్ లేని కార్డు కొనడం. ఏఎస్ఎం1166 అనే ఒకే చిప్పు మీద ఆరు పోర్టులిచ్చేవి దొరుకుతాయి. మీ బోర్డులో గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి పెద్ద స్లాటు ఖాళీగా ఉంది, అందులో పెట్టండి. మూడోది మీ బావగారు చెప్పిన పాత ఎల్ఎస్ఐ 9211-8ఐ. అది గట్టి కార్డు, ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ దాన్ని ఐటీ మోడ్‌లోకి (కార్డు తానే డిస్కులను కలపకుండా నేరుగా చూపించే పద్ధతి) మార్చి ఉంచినదే కొనాలి, ఒక తల నుంచి నాలుగు డిస్కులకు వెళ్లే ఫార్వర్డ్ కేబులే తీసుకోవాలి. చూడటానికి అచ్చం అలాగే ఉండే రివర్స్ కేబుల్ వేస్తే ఒక్క డిస్కూ కనిపించదు. పైగా అది సర్వర్ల హోరుగాలి మధ్య ఉండటానికి చేసిన కార్డు. మన మే నెల ఎండల్లో, తలుపులు మూసిన స్టూడియో గదిలో, దాని మీద చిన్న ఫ్యాన్ లేకపోతే కాలిపోతుంది. నాకైతే మొదటి దారే నచ్చింది. ఎంత తక్కువ సామాను ఉంటే అన్ని తక్కువ అతుకులు.

అతుకులంటే గుర్తొచ్చింది. సముద్రం మీకు దగ్గర. ఉప్పు గాలికి కనెక్టర్ల మీద సన్నని పొర పేరుకుంటుంది. ర్యామ్‌నూ కార్డునూ తీసినప్పుడు వాటి బంగారు పళ్లను మెత్తటి రబ్బరుతో తుడిచి పెట్టండి. ర్యామ్ ఎలాగూ మార్చారు కాబట్టి దాన్ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ ఒక రాత్రి నడిపించండి. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ మీద సర్వర్ పెట్టారని రాశారు, దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అందులో పెట్టండి.

ఇక కొత్త డిస్కుల సంగతి. ఇప్పుడు కొనవద్దు. కానీ ఒక నిజం దాచను. మీరు రాసిన మోడల్ నంబర్లలో మూడు ఎస్ఎంఆర్ రకం. పెంకుటిల్లు చూశారుగా, ఒక పెంకు అంచు మీద ఇంకో పెంకు ఎక్కి ఉంటుంది. ఈ డిస్కుల్లో డేటా వరుసలు కూడా అలాగే ఒకదాని మీద ఒకటి అంచులు ఎక్కించి రాస్తారు. చోటు కలిసొస్తుంది. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైన ఉన్నవి ఎత్తాల్సిందే. అందుకే చదవడం మామూలుగానే ఉన్నా, గంటల తరబడి రాయడం మొదలైతే వేగం దారుణంగా పడిపోతుంది. ఒక డిస్కు పోయి కొత్తది పెట్టినప్పుడు, మిగిలినవాటి నుంచి డేటాను దానిలోకి తిరిగి రాసే రీసిల్వర్‌లో ఇది రోజుల తరబడి సాగుతుంది. 2020లో పెద్ద డిస్కు కంపెనీలు తమ కొన్ని మోడళ్లలో ఇది ఉందని బయటికి చెప్పాక గానీ చాలామందికి తెలియలేదు, కాబట్టి మీకు తెలియకపోవడంలో తప్పేమీ లేదు. మీ ప్రస్తుత సమస్యకు మాత్రం ఇది కారణం కాదు. స్క్రబ్ అంటే దాదాపు అంతా చదవడమే, అందులోనే మీ డిస్కులు పడుతున్నాయి. ఒకసారి రాసి ఏళ్ల తరబడి చూసుకునే పెళ్లి ఫొటోలకు ఇవి కొంతకాలం నడుస్తాయి. ఏదైనా పోయినప్పుడు దాని చోటులో డేటా షీటులో సీఎంఆర్ (వరుసల అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కని రకం) అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. రెండేసి జతలుగా మిర్రర్ (ఒకదాని నకలు ఇంకోదానిలో) చేసుకుంటే రీసిల్వర్ తేలికవుతుంది గానీ, అప్పుడు మీకు మిగిలేది 8 టీబీ, మీ 9 టీబీ అందులో పట్టదు.

రెడీమేడ్ బాక్సు గురించి అడిగారు. మీ ఆవిడ కూడా అదే అంటున్నారని రాశారు, ఆవిడ మాటలో న్యాయముంది. సీజన్లో రోజుకో పెళ్లి ఉన్నప్పుడు రాత్రి రెండింటికి మీరు క్యాబినెట్ విప్పి కూర్చోవడం ఇంట్లో అందరికీ కష్టమే. బాక్సు కొంటే ఈ కార్డులు, స్ప్లిటర్లు ఉండవు. కానీ బాక్సు ఖరీదు డిస్కులు కాకుండా లెక్క, కంపెనీ ఇచ్చే జాబితాలో మీ డిస్కులు ఉన్నాయో లేదో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇప్పుడున్న నాలుగు డిస్కులను తీసి నేరుగా అందులో పెట్టకూడదు, అది వాటిని ఫార్మాట్ చేసేస్తుంది. మొత్తం 9 టీబీ ఇంకోచోట కాపీ అయ్యాకే ఆ మాట. అసలు సర్వరే వద్దనుకుని రెండు పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కులు కొని, రెండింట్లోనూ అన్నీ ఉంచి, ఒక పుస్తకంలో పట్టిక రాసుకున్నా పనికిమాలిన పద్ధతేమీ కాదు. వెతకడం కాస్త నెమ్మది, భద్రతకు లోటు లేదు.

ఏ దారి పట్టినా ఒకటి మాత్రం వదలకండి. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్, మీ వృత్తి ఆయనే, ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి దూరంగా ఇంకో చోట. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చింది. నీళ్లు ఇంట్లోకి వస్తే సర్వర్, డాక్, ఎక్స్‌టర్నల్ డిస్కులు అన్నీ ఒకే బల్ల మీద తడుస్తాయి. మీ అక్కగారు ఒంగోలులో ఉన్నారని రాశారు కదా, ఒక డిస్కు వాళ్లింటి బీరువాలో పెట్టండి. పండక్కి వెళ్లినప్పుడల్లా మార్చి తెచ్చుకోండి.

నాన్నగారికి చెప్పండి. 3 టీబీ కాపీ అయ్యేదాకా ఆగి, అంతా బాగుంది అన్నాక చెప్పాలని మీకు ఉంటుంది. ఆ ఆలోచన నాకర్థమైంది, అలా చేసినా నేను తప్పు పట్టను. కానీ మీరు చెప్పనంత కాలం ఆయన మామూలుగా అనే ప్రతి మాటా మీకు గుచ్చుకుంటూనే ఉంటుంది. పైగా ఆయన దగ్గర మీకు కావలసిన పనితనముంది. ఏ పెళ్లి ఏ డబ్బాలో ఉందో ముప్పై ఏళ్లు రాసి పెట్టుకున్న మనిషి ఆయన. కేబుళ్లకు చీటీలు అంటించి, ఏ డిస్కు ఏ పోర్టులో ఉందో, ఏ రోజు ఏం మార్చారో, 199 ఎంత ఉందో ఆయన చేతిరాతతో రాయమనండి. డీవీడీ రైటర్ విప్పేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి.

స్క్రబ్ ఒకటి మధ్యలో ఆగకుండా పూర్తయ్యాక ఒక పోస్టుకార్డు ముక్క రాయండి. బోర్డుకు మార్చిన డిస్కులో 199 ఏ అంకె దగ్గర నిలిచిందో తప్పకుండా రాయండి.